మా అక్క మతి తప్పలేదు

కోరుట్లలో మా అక్క ఇరవై ఏళ్లు బీడీలు చుట్టిన వాడకట్టులో ఒక మాట మొన్నమొన్నటిదాకా తిరిగింది. "పాపం, ఆఖరికి మతి తప్పిందట." ఆ మాట పుట్టించింది నేను. అది అబద్ధం. మా అక్కంత తేటగా ఆలోచించిన మనిషిని నేను చూడలేదు. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నాకు జగిత్యాలలో మందుల షాపు ఉంది. మా చుట్టాల్లో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ముందు నాకే ఫోన్ వస్తుంది. ఏ డాక్టరు దగ్గరికి పోవాలి, రిపోర్టులో ఏం రాశారు, ఈ గోలీ తిన్నాక వేసుకోవాలా తినకముందా, అన్నీ నన్నే అడుగుతారు. డాక్టరు చెప్పినదాన్ని ఇంట్లోవాళ్లకు అర్థమయ్యేట్టు మార్చి చెప్పడం నా పని అయిపోయింది. ఎంత మార్చాలో నేనే నిర్ణయించుకోవడం కూడా అలవాటైంది. ఎవరూ అడగలేదు కాబట్టి అది తప్పని ఎన్నడూ అనిపించలేదు.

అక్క నాకంటే ఆరేళ్లు పెద్దది. బావది గీత పని, తాళ్లెక్కి కల్లు తీసేవాడు. కొడిమ్యాల దగ్గర ఒక పొద్దున తాటిచెట్టు మీది నుంచి పడ్డాడు. ఆస్పత్రిలో మూడు రోజులు బతికాడు. కళ్లు తెరిచే ఉన్నాడు గాని మాట లేదు. ఒకరు హైదరాబాద్ తీసుకుపోదామన్నారు, ఒకరు ఇంటికి తీసుకుపోదామన్నారు. మంచం చుట్టూ నిలబడి మేము కొట్లాడుకుంటుంటే ఆయన మా ముఖాలు చూస్తూ పోయాడు. ఆయనకు ఏం కావాలో ఎవరికీ తెలియలేదు.

అక్క దాన్ని మరిచిపోలేదు. "దినాం చెట్టెక్కే మనిషి. ఎన్నడో ఒకనాడు పడొచ్చని నాకెరుకే, ఆయనకెరుకే. ఒక్కనాడన్న ఆ ముచ్చట తీయలే. తీస్తే అశుభమనుకున్నం. తీయకుంటే ఏమన్న ఆగిందా?" అనేది.

ఆ తర్వాత బిడ్డను తీసుకుని కోరుట్లకు వచ్చింది. బావ నడుముకు కట్టుకుని చెట్టెక్కిన మోకును గోడకు మేకు కొట్టి తగిలించింది. దాని కింద కూర్చుని బీడీలు చుట్టింది. బిడ్డను సిరిసిల్లకు ఇచ్చి పెళ్లి చేసింది. మధ్యాహ్నాలు ఆ వాడకట్టు ఆడవాళ్లు నలుగురైదుగురు చాటలు ఒళ్లో పెట్టుకుని అక్క అరుగు మీదకు చేరేవారు. నేను కోరుట్ల పోయినప్పుడల్లా ఆ మాటలు వినేవాణ్ని. చావు గురించి అక్క మాట్లాడే తీరు వానల గురించి, పెళ్లిళ్ల గురించి మాట్లాడినట్టే ఉండేది.

"నేను పోతే నా కత్తెర నీకే. ఇప్పటి సందే దాని మీద కన్నెయ్యకు," అని ఒకసారి పక్కింటామెతో అంది. తునికాకు కోసే ఆ కత్తెర అక్క చేతిలో ఎంత నున్నగా నడిచేదంటే ఆ వాడకట్టులో దానికి పేరుండేది.

పక్కింటామె చేతిలోని ఆకు దించకుండానే అంది, "నువ్వు పోయేదాక దానికి పదునుంటదా వదినె? మొద్దు కత్తెర నేనేం చేసుకోను?"

"పదును పెట్టిచ్చే ఇస్త తియ్యి."

"అయితె జల్ది పో మరి."

అందరూ పడీపడీ నవ్వారు. నేను నవ్వలేదు. "ఏం మాటలక్కా అవి?" అన్నాను. "మా తమ్మి మందులమ్ముతడు గద, చావు మాటంటే దుకాణం బందైతదని భయం," అని అక్క వాళ్లకు చెప్పింది. ఇంకా నవ్వారు.

దగ్గు మొదలయ్యాక రెండు నెలలు అక్క దాన్ని ఎవరికీ చెప్పలేదు. చెప్పాక నేను కరీంనగర్ తీసుకుపోయి పరీక్షలు చేయించాను. డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. ఊపిరితిత్తుల్లో గడ్డ. అప్పటికే పాకింది. మందులతో కొంతకాలం నెట్టుకురావచ్చు, అంతే అన్నాడు. బయట బెంచీ మీద అక్క చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఏమన్నడు తమ్మీ?"

"నిమ్ము చేరిందట అక్కా. మందులు వాడితే పోతదట."

అక్క నా ముఖం చూసింది. దారిలో బస్సు ఆగినప్పుడు నాకు చాయ్ ఇప్పించింది. ఆరోజు జాలి ఎవరు ఎవరి మీద చూపించారో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

అక్క ఏడో తరగతి దాకా చదువుకుంది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివేది. అందుకని నేను గోలీల స్ట్రిప్పుల మీద మందు పేరున్న చోటల్లా తెల్ల ప్లాస్టర్ ముక్కలు అతికించాను. గాయాలకు వేసే ప్లాస్టరే. దాని మీద పొద్దున, రాత్రి అని పెన్నుతో రాసి ఇచ్చాను. ముప్పై ఏళ్ల అనుభవంతో చేసిన పని అది. మందుల షాపువాడికి తప్ప ఇంకెవరికీ రాని తెలివి.

నెలన్నర గడిచాక కోరుట్ల పోతే అక్క ఒక స్ట్రిప్పు తెచ్చి నా ముందు పెట్టింది. ప్లాస్టర్లు ఊడదీసి ఉన్నాయి.

"నేను పీకలే," అంది అక్క. "నువ్వు అతికిచ్చింది నేనెందుకు పీకుత? గాంధీ బొమ్మ కాడి దుకాణానికి పట్కపోయిన. ఆయన పీకిండు. ఎవరికమ్మా ఇది అన్నడు. మా పక్కింటామెకన్న. అయ్యో, పెద్ద రోగమే గదమ్మా అన్నడు."

నేను స్ట్రిప్పు అందుకుని తిరగేశాను.

"నీ అసొంటి దుకాణం కోరుట్లల లేదనుకున్నవా తమ్మీ?"

"భయపడతవని అక్కా…"

"నాకు భయమైతది. ఎందుకు కాదు? గాని ఒక్కదాన్ని భయపడుడు వేరు, నీతోని కలిసి భయపడుడు వేరు. నలభై దినాలు నన్ను ఒక్కదాన్ని చేసినవ్."

అంతే. తిట్టలేదు. లోపలికి పోయి ఒక కాగితం, పెన్ను తెచ్చింది. "నీ రాత మంచిగుంటది. నేను చెప్తుంట, రాయి," అంది. బావ మోకు కింద కూర్చుని నేను రాశాను. ఊపిరి అందనప్పుడు గొంతులో పైపులు పెట్టొద్దు. మిషన్ మీద ఉంచొద్దు. సిరిసిల్లలో బిడ్డ ఇంట్లో పోతాను, ఆస్పత్రిలో కాదు. బావ మోకు నాతోపాటే కట్టెల మీద పెట్టాలి. కత్తెర పక్కింటామెకు, చాట ఎవరికి కావాలంటే వాళ్లకు. ఒక్కొక్కటి చెప్పి, రాశాక మళ్లీ చదివించుకుంది. మూడో రోజు పిట్టకు పెట్టడం గురించి కూడా చెప్పింది. మా దిక్కు పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, విస్తట్లో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా దూరంగా నిలబడతారు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని, ఒక్కొక్కరు ముందుకు వచ్చి నీ బిడ్డను చూసుకుంటాం, ఫలానాది చేస్తాం అని మాట ఇస్తారు.

"పిట్ట రాకుంటే ఒకరి మొకం ఒకరు చూసుకోకుండ్రి. ఎండకు రాలేదనుకోండ్రి. ఇచ్చే మాటేదో నేనుండంగనే ఇయ్యుండ్రి, నేను గూడ వింట. రాసినవా?"

"ఇది గూడ రాయాల్నా?"

"రాయి. సంతకం ఏడ పెట్టాలె?"

ఆ కాగితం మడిచి నా జేబులో పెట్టుకున్నాను.

మూడు నెలలకు అక్కకు జ్వరం వచ్చి ఊపిరి ఆడలేదు. నేనే కారు మాట్లాడి కరీంనగర్‌లో పెద్ద ఆస్పత్రికి తీసుకుపోయాను. మేనకోడలు సిరిసిల్ల నుంచి నేరుగా అక్కడికి వచ్చింది. డాక్టరు బయటికి వచ్చి, మిషన్ పెట్టాల్సి ఉంటుంది, ఇట్లాంటి పరిస్థితి గురించి ఆమె ముందుగా ఏమైనా చెప్పారా అని అడిగాడు. డాక్టరు అడగాల్సిందే అడిగాడు.

"చెప్పింది సార్," అంది మేనకోడలు. "పైపులు పెట్టొద్దన్నది. మామ దగ్గర కాగితం గూడ ఉన్నది."

డాక్టరు నా వైపు చూశాడు. కాగితం నా చొక్కా జేబులోనే ఉంది. ఆ నిమిషంలో నా కళ్ల ముందున్నది అక్క కాదు. తమ్ముడే వద్దన్నాడట, మందుల షాపువాడై ఉండీ వదిలేశాడట అని రేపు మా చుట్టాలు అనబోయే మాటలు.

"నొప్పికి మతి తప్పి ఏదేదో అన్నది సార్. అది పట్టించుకోకండి," అన్నాను.

మేనకోడలు నన్ను చూసిన చూపు నేను వర్ణించను. మేనమామను కాబట్టి ఎదురు చెప్పలేదు. ఆ మాట అక్కడున్న మా చుట్టాలు విన్నారు. సాయంత్రానికల్లా ఫోన్లలో కోరుట్ల చేరింది, మెట్‌పల్లి చేరింది.

ఐదు రోజులు మిషన్ మీద ఉండి అక్క తేరుకుంది. ఆ జ్వరానికి కారణం గడ్డ కాదు, నిమ్ము. ఈసారి నిజంగానే నిమ్ము. అది తగ్గింది. మా చుట్టాలు నన్ను మెచ్చుకున్నారు. నువ్వు ధైర్యం చేయకపోతే అక్క దక్కేది కాదన్నారు. ఆ మెప్పు కూడా నేను కాదనలేదు. అదీ ఇక్కడే చెప్పాలి.

వార్డులోకి మార్చిన రెండో రోజు అక్క నన్ను దగ్గరికి రమ్మంది. పైపు వల్ల గొంతు బొంగురుపోయి ఉంది.

"కాగితమున్నదా తమ్మీ?"

"ఉన్నదక్కా."

"చదువు."

చదివాను.

"అది నేను చెప్పిందేనా?"

"నువ్వు చెప్పిందే."

"మతి ఉండే చెప్పిన్నా?"

మేనకోడలు చెప్పిందని అర్థమైంది. నాకు ఏడుపు వచ్చింది. అక్క నా చేయి మీద చిన్నగా కొట్టింది. "ఏడ్వకు. నువ్వు ఏడిస్తే ముచ్చట నడుమ ఆగిపోతది. ముచ్చట కానియ్యి."

"తప్పైంది అక్కా."

"దినాలు దొరికినయి. వద్దంటనా? నన్ను అడిగితే ఒప్పుకుందునేమో. మంచం కాడికి వచ్చి, అక్కా గిది నిమ్మట, తగ్గుతదట, ఐదు దినాలు మిషన్ పెడతరట, ఏమంటవ్ అని అడిగితే అయిపోతుండె. నువ్వు అడగలే. నన్ను దాటుకొని మాట్లాడినవ్."

మర్నాడు డాక్టరు రౌండుకు వచ్చినప్పుడు అక్క ఆయన్ని కూర్చోమంది. నేను ముప్పై ఏళ్లలో ఏ రోగీ డాక్టరును అట్లా అడగగా వినలేదు. "గడ్డ పెరిగినంక ఎట్లుంటది సార్? ఊపిరాడక గుంజుకుంటనా? ఇంటికాడ ఉంటే ఆ బాధకు మందున్నదా?" ఆయన మంచం పక్కన కూర్చుని అన్నీ చెప్పాడు. నొప్పి, ఆయాసం తగ్గించే మందులు ఉన్నాయని, ఇంటికి వచ్చి చూసే నర్సులు ఉంటారని చెప్పాడు. అక్క అంతా విని కాగితంలో ఒక మాట మార్పించింది. తగ్గే నిమ్మైతే ఆస్పత్రికి తీసుకుపోండి. గడ్డ వల్ల ఊపిరి అందకపోతే వద్దు. ఏది ఏదో డాక్టర్ని అడిగి తెలుసుకోండి.

మతి తప్పిన మనిషి అట్లా మాట్లాడుతుందా?

అక్కడి నుంచి సిరిసిల్ల పోయింది. మేనకోడలి ఇల్లు బట్ట నేసే సాంచాల వాడలో ఉంది. పొద్దున మొదలైతే ఆ టకటకలో పక్కనున్న మనిషితో కూడా గట్టిగా మాట్లాడాలి. ఆ చప్పుడులో అక్క ఎట్లా పడుకుంటుందోనని నేను బాధపడితే, "సప్పుడు లేకుంటెనే నాకు బుగులైతది. గిట్లుంటే నలుగురి నడుమ ఉన్నట్టుంటది. నేను పోయిన్నాడు గూడ సాంచాలు ఆపకుండ్రి," అంది.

వారానికోసారి నర్సు వచ్చేది. మొదటిసారి రాగానే, "అమ్మా, మీకు అన్నిటికంటె ఎక్కువ ఏది ఇబ్బంది పెడుతున్నది?" అని అడిగింది. అక్క నా వైపు చూపించింది. "గీయన. గంటకోసారి మొకం ఏలాడేసుకొని నాడి పట్టుకుంటడు. దీనికేమన్న గోలీ ఉన్నదా బిడ్డా?" నర్సు పగలబడి నవ్వింది. నాకూ నవ్వు వచ్చింది. ఎన్నో నెలల తర్వాత అది.

ఆ దినాల్లో అక్క అందరితోనూ మాట్లాడింది. అల్లుణ్ని కూర్చోబెట్టుకుని, "నా బిడ్డను మంచిగ చూసుకుంట అని పిట్ట ముందట చెప్పుడు కాదు, నా ముందట చెప్పు," అంది. అతను సిగ్గుపడుతూ చెప్పాడు. "గట్టిగ. సాంచాల సప్పుడుల వినవడలే," అంది. మేనకోడలు ఏడుస్తూ నవ్వింది. అత్తకూ అల్లుడికీ మధ్య ఏదో పాత మాట పట్టింపు ఉండేది. అది ఆ పూటతో పోయిందని తర్వాత మేనకోడలు నాకు చెప్పింది.

కత్తెర తెప్పించుకుంది. అల్లుడి చేత బజారుకు పంపి ఏదో చేయించి, పాత గుడ్డలో చుట్టి నాకిచ్చింది. "కోరుట్లల పక్కింటామెకు నీ చేతులతోని ఇయ్యి. నేనే ఇయ్యమన్ననని చెప్పు." సరేనన్నాను. షాపుకు వచ్చి సొరుగులో పెట్టాను.

ఒక మధ్యాహ్నం అక్కకు ఆయాసం ఎక్కువైంది. మేనకోడలు నర్సుకు ఫోన్ చేసింది. నర్సు డాక్టరుతో మాట్లాడి, ఇది గడ్డ వల్లే అంది, ఏ మందు ఎంత ఇవ్వాలో చెప్పింది. ఇచ్చాం. గుమ్మం దగ్గర వాడవాళ్లు చేరారు. "అంబులెన్స్‌కు ఫోన్ చెయ్యరేంది? గట్ల చూసుకుంట కూసుంటరా?" అని ఒకాయన గట్టిగా అన్నాడు. అందరూ నన్నే చూశారు. నేను జేబులోంచి కాగితం తీసి నిలబడి చదివాను. సాంచాల చప్పుడుకు నా గొంతు నాకే వినపడలేదు, అయినా చదివాను.

"రోగంల మతి లేక చెప్పిన మాటలు పట్టుకుంటరా?" అన్నాడాయన.

దానికి జవాబు నేను చెప్పాలి. చెప్పలేదు. మేనకోడలే చెప్పింది. "మా అమ్మకు మతి ఉన్నది. మీరు జరుగుండ్రి, గాలి రానియ్యుండ్రి."

అక్క మేనకోడలి ఒడిలో తల పెట్టుకుని ఉంది. మందు పనిచేసింది. గుంజుకోలేదు. సాయంత్రం నాలుగు దాటాక ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతూ పోయింది. ఒకసారి ఇక రాలేదు. పక్కింటాయన సాంచాలు ఆపనా అని అడగడానికి వచ్చాడు. "ఆపొద్దన్నది అమ్మ," అంది మేనకోడలు. అవి ఆడుతూనే ఉన్నాయి. మర్నాడు బావ మోకు అక్కతోపాటే పోయింది.

మూడో రోజు పిట్టకు పెట్టాం. అక్క చెప్పినట్టే మక్కజొన్న గటుక, పచ్చిపులుసు, స్టీలు గ్లాసులో చాయ్. ఎండ మండిపోతోంది. కాకి ఎంతకీ రాలేదు. ఇరవై నిమిషాలు, అరగంట. జనం ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు. కోరుట్ల నుంచి వచ్చిన మా పెద్దమ్మ ఒకామె కొంగుతో చెమట తుడుచుకుంటూ అంది. "మతి తప్పినంక ఏం కోరుకున్నదో ఎవరికెరుక? ఏం మాటిస్తం? కత్తెర ఇస్తనని చెప్పిన పక్కింటామెను గూడ మర్చిపోయింది పాపం."

మేనకోడలు తల తిప్పి నన్ను చూసింది. కత్తెర జగిత్యాలలో నా సొరుగులో ఉంది. ఒక్క అడుగు ముందుకేసి, అక్క మరిచిపోలేదు, నేనివ్వలేదు, మతి తప్పిందన్నది నా అబద్ధం అని చెబితే సరిపోయేది. నోరు తెరిచాను. అప్పుడే కాకి వచ్చి చాయ్ గ్లాసు మీద వాలి దాన్ని పడగొట్టి, గటుక ముద్ద ఎత్తుకుపోయింది. అందరూ హమ్మయ్య అనుకుని కాళ్లు కడుక్కోవడానికి కదిలారు. నేనూ వాళ్లతోపాటే కదిలాను.

కత్తెర ఎందుకివ్వలేదని మేనకోడలు ఒకసారి అడిగింది. వీలుకాలేదన్నాను. జగిత్యాల నుంచి కోరుట్లకు ఎంత దూరం? కత్తెర ఇస్తే అక్కకు అంతా గుర్తుందని తేలుతుంది. అది తేలితే నేను ఆస్పత్రిలో అన్న మాట తేలిపోతుంది. అందుకని ఇవ్వలేదు. అక్క మాటను రెండోసారి జేబులో దాచుకున్నాను. నేను దాచినకొద్దీ, ఆమె మరిచిపోయిందనే మాటకు బలం వచ్చింది.

ఏడాది మాసికం దగ్గరపడ్డాక, పోయిన నెలలో, బస్సెక్కి కోరుట్ల పోయాను. అక్క ఉన్న ఇంట్లో ఇప్పుడు వేరేవాళ్లున్నారు. పక్కింటామె అరుగు మీద మరో ఇద్దరితో కలిసి బీడీలు చుడుతోంది. నన్ను చూసి చాట పక్కన పెట్టి, "రా తమ్మీ, ఇన్నొద్దులకు దారి దొరికిందా?" అంది. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. ప్లాస్టర్ సంగతి, కాగితం సంగతి, డాక్టరుతో అన్న మాట, పిట్ట దగ్గర అనలేని మాట, అన్నీ. చెప్పి గుడ్డమూట ఆమె చేతిలో పెట్టాను.

పక్కింటామె గుడ్డ విప్పింది. కత్తెరను వెలుతురుకు పట్టుకుని అంచు చూసింది. బొటనవేలితో తడిమింది. చాటలోంచి తునికాకు ఒకటి తీసి ఒక్క కోత కోసింది. ఆకు ఏ మాత్రం చిట్లకుండా తెగింది.

"సాన పట్టిచ్చింది," అంది. "పదును పెట్టిచ్చే ఇస్తనన్నది గద ఆనాడు." తర్వాత నా వైపు తిరిగింది. "మతి తప్పినామె కత్తెరకు సాన పట్టిస్తదా? ఏడాది సంది దీన్ని సొరుగుల పెట్టుకొని నువ్వేం కోసినవ్ తమ్మీ?"

ఆమె కళ్లు తుడుచుకుని, చాట ఒళ్లోకి లాక్కుని, రెండో ఆకు తీసింది. "కూసో," అంది కాసేపటికి. "మొదటి సంది చెప్పు. ఆమె డాక్టర్ను ఏమేం అడిగింది? నడుమ ఆపకుంట చెప్పు."

అరుగు మీద, అక్క కూర్చునే చోటు పక్కన కూర్చున్నాను. మొదటి నుంచి చెప్పాను. ఈసారి ఏమీ మార్చలేదు.